కారు నగలకు మెరుగు

పెళ్ళికూతురికి నగలున్నట్టే కారుకు కూడా నగలుంటాయి. ముందూ వెనకా అడ్డంగా మెరిసే బంపర్లు, దీపాల చుట్టూ కడియాలు, తలుపుల పిడులు, పక్కల పొడుగునా వడ్డాణంలాగా సాగే సన్నని పట్టీ, ముక్కు మీద బేసరిలాగా కంపెనీవారి బిళ్ళ. ఇవేవీ లేకపోయినా కారు నడుస్తుంది. కాని వీటిని తీసేసిన కారును చూస్తే బోసిగా ఉంటుంది. ఇప్పటి కార్లలో ఈ మెరుపు చాలావరకు తగ్గి, నల్లని ప్లాస్టిక్ వచ్చింది. యాభై అరవై ఏళ్ళ కిందటి కార్లకు మాత్రం ఒళ్ళంతా నగలే.

అటువంటి కారు ఒకదాని నగలన్నీ విప్పి, మెరుగు పెట్టి, మళ్ళీ తొడిగే పనిలో నేనూ మా అబ్బాయీ ఒక వేసవికాలమంతా గడిపాము. అప్పుడు మేము ఇంగ్లండులో ఉండేవాళ్ళం. మా పక్కింట్లో డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన దగ్గర 1972లో తయారైన ఎమ్.జి.బి. అనే స్పోర్ట్సు కారు ఉండేది.

స్పోర్ట్సు కారు అనగానే పందేలలో పరిగెత్తే కారు అనుకోకండి. ఇది ఇద్దరు కూర్చునే చిన్న కారు. పైన గుడ్డ కప్పు. ఎండ కాసిన రోజున కప్పు మడిచి వెనక పడేసి, గాలి పీలుస్తూ పోవచ్చు. ఎండ కాయటమే అక్కడ విశేషం కనుక ఆ దేశంవాళ్ళకు ఇటువంటి కార్లంటే మహా ఇష్టం. ఎమ్.జి. అంటే మోరిస్ గరాజెస్ అనే పేరుకు పొడి అక్షరాలు. ఆక్స్‌ఫర్డు పట్నంలో మోరిస్ అనే ఆయన కార్ల దుకాణం పేరది. ఎనిమిది పలకల బిళ్ళ ఈ కార్ల గుర్తు. ఆక్స్‌ఫర్డుకు దగ్గరలోనే ఉన్న ఆబింగ్‌డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 వరకు ఈ ఎమ్.జి.బి.లు తయారయినాయి. గట్టి కప్పువి కూడా కలుపుకుంటే అయిదు లక్షలకు పైగా చేశారు. 1980లో ఆ ఫాక్టరీ మూసేశారు. మా పెద్దాయన చిన్నతనంలో ఆ ఫాక్టరీలోనే పనిచేశారు.

ఆయనకు చూపు మందగించింది. కారు నడపవద్దని డాక్టరు చెప్పాడు. అందుచేత కారు అమ్మేయాలని నిశ్చయించుకున్నారు. అమ్మేముందు దాని మెరుపు దానికి తెప్పించాలని ఆయన కోరిక. కాని వేళ్ళు బిగుసుకుపోయి చిన్న నట్టు కూడా పట్టుకోలేకపోయేవారు. చేతులు మావి, తెలివి ఆయనది అన్నట్టు పని మొదలుపెట్టాము. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. వాడు ఆయనను "తాతగారూ" అని పిలిచేవాడు. నాలుగు రోజుల్లో ఆ పిలుపు ఆయనకు అలవాటయిపోయింది.

మొదటి రోజున ఆయన మా చేతికి పనిముట్లేవీ ఇవ్వలేదు. ఒక అయస్కాంతం ఇచ్చి, "ముందు ఏది ఏ లోహమో కనిపెట్టండి," అన్నారు.

నాకు ఇది చాలా నచ్చింది. మన ఇళ్ళలో కూడా అంతే గదా! ఇత్తడి చెంబును చింతపండుతో తోముతాం. చింతపండులోని పులుపు రాగి మీదా ఇత్తడి మీదా పట్టిన చిలుమును కరిగిస్తుంది. వెండి గిన్నెకు విబూది పెడతాం. కళాయి వేసిన గిన్నెను మాత్రం గట్టిగా రుద్దనివ్వరు, లోపలి తగరం పూత పోతుందని. లోహం తెలియకుండా తోమితే పాత్ర పాడవుతుంది. కారు మీద మెరిసేదంతా ఒకేలా కనబడుతుంది కాని, అందులో నాలుగు రకాల లోహాలున్నాయి.

బంపరుకు అయస్కాంతం అంటుకున్నది. అది ఉక్కు, పైన క్రోమియం పూత. తలుపుల పిడికి అంటుకోలేదు, కాని పిడి బరువుగా ఉన్నది. అది తుత్తునాగాన్ని కరిగించి అచ్చులో పోసి, పైన పూత వేసినది. ముందు అద్దం చట్రానికీ అంటుకోలేదు, పైగా అది చాలా తేలిక. అది అల్యూమినియం. పక్కలనున్న పట్టీకి మాత్రం అయస్కాంతం చక్కగా అంటుకున్నది.

"ఇదీ పూత వేసిన ఇనుమే తాతగారూ," అన్నాడు మా వాడు.

"అయితే వెనక్కి తిప్పి చూడు. వెనక పూత ఉన్నదా?" అన్నారాయన. పట్టీ అప్పటికి ఇంకా కారు మీదనే ఉన్నది. విప్పిన తరవాత చూస్తే వెనకా ముందూ ఒకటే లోహం. ఎక్కడా తుప్పు లేదు. అది స్టెయిన్‌లెస్ స్టీలు! మన వంటింటి స్టీలు గిన్నెలకు చాలావాటికి అయస్కాంతం సరిగా అంటుకోదు. అందుచేత స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు అంటుకోదని అనుకుంటారు. అది నిజం కాదు. అందులో రకాలున్నాయి. నికెలు ఎక్కువగా కలిపినదానికి అంటుకోదు. క్రోమియం మాత్రమే కలిపిన రకానికి అంటుకుంటుంది. కార్ల పట్టీలకు ఎక్కువగా ఈ రెండో రకమే వాడతారు. ఏ రకమైనా సరే, ఉక్కులో నూటికి పది పన్నెండు పాళ్ళు క్రోమియం ఉంటే చాలు, గాలిలోని ఆక్సిజనుతో అది కలిసి ఉక్కు మీద కంటికి కనపడని పొర ఒకటి కడుతుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనంతట తానే కట్టుకుంటుంది. ఇంగ్లండులోని షెఫీల్డు పట్నంలో హారీ బ్రియర్లీ అనే ఆయన 1913లో ఇటువంటి ఉక్కును చేశాడు. తుపాకి గొట్టాల అరుగుదల తగ్గించే పనిలో ఉండగా ఆయనకు అది దొరికింది. తుపాకుల మాట అటుంచి, అది మన కంచాల్లోకీ గ్లాసుల్లోకీ వచ్చింది.

క్రోమియం సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1797లో ఫ్రాన్సు దేశపు వోక్లాఁ అనే శాస్త్రజ్ఞుడు సైబీరియానుంచి వచ్చిన ఎర్రని ఖనిజంలో దీన్ని కనిపెట్టాడు. గ్రీకు భాషలో క్రోమా అంటే రంగు. ఈ లోహం ఇతర పదార్థాలతో కలిసినప్పుడు రకరకాల రంగులిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. కెంపు ఎర్రగా ఉండటానికీ, పచ్చ ఆకుపచ్చగా ఉండటానికీ కారణం వాటిలో ఉన్న కొద్దిపాటి క్రోమియమే. మన దేశంలో క్రోమియం ఖనిజం దాదాపు అంతా మన పొరుగున ఒడిశాలోని సుకిందా లోయలో ఉన్నది.

ఇక విప్పటం. ఇందులోనే ఓపిక కావాలి.

పట్టీని బిగించటానికి కారు రేకుకు వరసగా చిన్న రంధ్రాలు చేసి ఉంటారు. వాటిలో క్లిప్పులు ఉంటాయి. పట్టీని వాటి మీద పెట్టి నొక్కితే పట్టుకుంటుంది. కొన్నిచోట్ల కొసన లోపలివైపునుంచి ఒక చిన్న నట్టు కూడా ఉంటుంది. తెలియనివాళ్ళు స్క్రూడ్రైవరు దూర్చి ఎగదన్నుతారు. దానితో రంగు గీసుకుపోతుంది, పట్టీ మధ్యలో వంగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఒకసారి మడత పడితే ఆ మడతపడ్డ చోట ఇంకా గట్టిపడుతుంది. దాన్ని మళ్ళీ తిన్నగా చేయటం చాలా కష్టం.

పెద్దాయన మాచేత పట్టీకి పైనా కిందా రంగు మీద కాగితపు టేపు అంటింపజేశారు. లోపలి నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేయించారు. "రాత్రంతా నూనె పనిచేస్తుంది, మనం నిద్రపోవచ్చు," అన్నారు. మర్నాడు జుట్టు ఆరబెట్టే యంత్రంతో పట్టీ మీద వెచ్చని గాలి కొట్టాము. యాభై ఏళ్ళ ప్లాస్టిక్ క్లిప్పులు చలికి పెళుసుగా ఉంటాయి, వేడి తగిలితే కాస్త మెత్తబడతాయి. తరవాత పలచని చెక్క బద్దను ఒక క్లిప్పు దగ్గర దూర్చి కొంచెం లేవదీసి, పక్క క్లిప్పు దగ్గరకు పోయి, అక్కడ కొంచెం లేవదీసి, ఇట్లా చీమ నడిచినట్టు కొసవరకు పోయాము. ఒక పట్టీ ఊడటానికి దాదాపు గంట పట్టింది.

ఊడిన మరలూ నట్లూ కలిసిపోకుండా మా అబ్బాయి ఒక ఉపాయం చేశాడు. ఇంట్లోకి పరిగెత్తి ఇడ్లీ రేకులు పట్టుకొచ్చాడు. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చోటివి వేసి, పక్కన చీటీ పెట్టాడు. వాళ్ళ అమ్మకు ఈ సంగతి ఆదివారంనాడు పిండి రుబ్బిన తరవాత తెలిసింది. దానిని గురించి ఇక్కడ వివరంగా రాయను. పెద్దాయన మాత్రం ఆ రేకులను తిప్పి తిప్పి చూసి, "మా ఫాక్టరీలో ఇటువంటిది ఉంటే ఎంత బాగుండేది!" అన్నారు.

ఎడమవైపు ముందు మడ్‌గార్డు పట్టీ ఊడినప్పుడు అసలు సంగతి బయటపడ్డది.

పట్టీ వెనక రంగు బుడగలు బుడగలుగా లేచి ఉన్నది. తుప్పుకు ఇనుముకన్న ఎక్కువ చోటు కావాలి. అందుచేత అది రంగును కిందనుంచి తోసి పైకి లేపుతుంది. చలికాలంలో ఆ దేశంలో రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్ళు చక్రాలనుంచి చిమ్మి, పట్టీ వెనక సందులో చేరి, రంధ్రాల అంచులను తినేశాయి. కాకినాడలోనూ విశాఖపట్నంలోనూ సముద్రపు గాలికి ఇళ్ళ గేట్లు ఎట్లా తుప్పుపడతాయో చూసినవాళ్ళకు ఇది వింత కాదు. మా వాడు ఒక బుడగను వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. మూడు రంధ్రాలు కలిసి రూపాయి బిళ్ళంత చిల్లు అయింది.

ఆ సాయంత్రం పెద్దాయన అల్లుడు వచ్చాడు. చిల్లును చూసి, "దీనికేముంది? పట్టీ మళ్ళీ పెట్టేస్తే కనపడదు. కొనేవాడు పట్టీ ఊడదీసి చూడడు గదా?" అన్నాడు. అల్లుడు చెడ్డవాడేమీ కాదు. మామగారి కన్నులకు చేయించవలసిన వైద్యానికీ, మెట్లు లేని ఇంటికి మారటానికీ డబ్బు అవసరమని అతనికి తెలుసు. అతని మాట నిజం కూడాను. ఆ పట్టీ సరిగ్గా ఆ చిల్లును కప్పేటంత వెడల్పు ఉన్నది. పట్టీ పెడితే, ఆ కారును చేసిన ఫాక్టరీవాళ్ళు వచ్చి చూసినా కనిపెట్టలేరు.

పెద్దాయన ఏమీ జవాబు చెప్పలేదు. మా వాడు ఆయన ముఖంకేసి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆయన, "కొనేవాళ్ళు వచ్చి చూసిందాకా పట్టీలు పెట్టకండి," అన్నారు, అంతే. అల్లుడు భుజాలెగరేసి లోపలికి పోయాడు.

ఈలోపల మెరుగు పని సాగించాము. స్టెయిన్‌లెస్ పట్టీలో ఉన్న సొట్టలను వెనకనుంచి చెక్క ముక్క మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లిగా తట్టి లేపాము. తరవాత ఉప్పుకాగితం. ఉప్పుకాగితానికి నెంబర్లుంటాయి. నెంబరు పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది, బరక రవ్వా సన్న రవ్వా ఉన్నట్టు. 400 నెంబరు కాగితాన్ని నీళ్ళలో తడిపి గీతలు పోయేదాకా రుద్దాలి. తరవాత 800తో ఆ 400 గీతలు పోయేదాకా. తరవాత 1200తో, 2000తో. ప్రతి కాగితమూ దాని ముందు కాగితం చేసిన గీతలను తుడిచి, తనవి ఇంకా సన్నవి పెడుతుంది. చివరకు గీతలు కంటికి ఆననంత సన్నవయినాక, పాలిషు ముద్ద రాసిన నూలుగుడ్డ చక్రం మీద తిప్పితే అద్దమవుతుంది. మా వాడికి అద్దంలో ముందు తన ముక్కు కనపడ్డది. ఇంటి దగ్గర గిన్నెలు తోమే ఇనుప పీచును మాత్రం స్టెయిన్‌లెస్ పట్టీకి వాడకూడదని పెద్దాయన గట్టిగా చెప్పారు. ఆ పీచు నలుసులు పట్టీలో ఇరుక్కుని, అవి తుప్పుపట్టి, పట్టీయే తుప్పుపట్టినట్టు కనపడుతుందట.

బంపరుకు ఉప్పుకాగితం పనికిరాదు. ఎంచేతనంటే క్రోమియం పూత మందం మిల్లీమీటరులో మూడు వేలవ వంతు కూడా ఉండకపోవచ్చు. దాని కింద అంతకన్న ఎన్నో రెట్లు మందంగా నికెలు పూత ఉంటుంది, కొన్నిటికి దాని కింద రాగి కూడా ఉంటుంది. ఉక్కును కాపాడేది నిజానికి నికెలు. కాని నికెలు గాలికి కాస్త పసుపుపచ్చగా మసకబారుతుంది. నీలి ఛాయ గల ఆ చల్లని మెరుపు కోసం, గట్టిదనం కోసం పైన క్రోమియం వేస్తారు. పూతలో సూది మొనంత సందు ఉన్నా అందులోంచి కింది ఉక్కు తుప్పుపట్టి, పైన గోధుమరంగు చుక్కలు వస్తాయి. వెనక బంపరుకు ఉన్న చుక్కలను అల్యూమినియం రేకు కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్దితే పోయినాయి. అల్యూమినియం క్రోమియంకన్న చాలా మెత్తన కనుక గీతలు పడవు. ముందు బంపరూ, పిడులూ మాత్రం ఇంట్లో బాగయ్యే స్థితిలో లేవు. తుత్తునాగపు పిడుల మీద పూత పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. వాటిని పూతలు వేసే కర్మాగారానికి పంపవలసి వచ్చింది.

అల్యూమినియం చట్రం కూడా అక్కడికే పోయింది. అల్యూమినియం మీద విద్యుత్తుతో దాని తుప్పునే దట్టమైన పొరగా కట్టిస్తారు. దీనికి ఆనొడైజింగ్ అని పేరు. ఇనుము తుప్పు ఇనుమును తింటుంది, అల్యూమినియం తుప్పు అల్యూమినియాన్ని కాపాడుతుంది! మీరు వింటే ఆశ్చర్యపోతారు, కెంపు కూడా ఆ పదార్థమే, అందులో కాస్త క్రోమియం కలిసి ఎర్రబడ్డదంతే. అంత గట్టి పొర కనుక చట్రం మసకబారినా పాలిషుకు లొంగదు. ముందు ఆ పొరను కాస్టిక్ సోడాతో కరిగించాలి. పొర కరిగిన తరవాత సోడా ఆగదు, లోహాన్ని కూడా తింటూనే ఉంటుంది. చేతిమీద పడితే చర్మాన్ని తింటుంది. పిల్లలు దాని జోలికే పోకూడదు. పెద్దవాళ్ళు కూడా పోకపోవటం మంచిది.

క్రోమియం పూత తొట్టెలను మేము అద్దం ఇవతలనుంచే చూశాము. లోపల పనిచేసేవాళ్ళు ముఖానికి తొడుగులూ, మోచేతులదాకా రబ్బరు చేతొడుగులూ వేసుకున్నారు. పైన పెద్ద పంకాలు ఆవిరిని లాగేస్తున్నాయి. అందంగా మెరిసే ఆ క్రోమియం ఒక ఆమ్లం రూపంలో ఉన్నప్పుడు మహా విషం. పూర్వం ఈ తొట్టెల దగ్గర ఏ రక్షణా లేకుండా పనిచేసిన కూలీలకు ముక్కు లోపల పుండ్లు పడి, రెండు ముక్కుపుటాల మధ్య గోడకు చిల్లులు పడేవి. ఊపిరితిత్తుల కాన్సరుకు కూడా అది కారణమని తరవాత తేలింది. ఐరోపా దేశాలలో 2017 సెప్టెంబరు 21 తరవాత ప్రత్యేకమైన అనుమతి లేకుండా ఆ ఆమ్లాన్ని వాడరాదని నియమం పెట్టారు. అంత విషం కాని మరో రకం క్రోమియం ద్రావకంతో కూడా ఇప్పుడు పూతలు వేస్తున్నారు. దాని రంగు ఒక్క పిసరు తేడాగా ఉంటుందని పాతకార్లవాళ్ళు సణుగుతారు. నాకైతే ఆ సణుగుడు బొత్తిగా అర్థం కాదు. ఒక పిసరు రంగు ఎక్కువా, మనుషుల ముక్కులు ఎక్కువా?

ఆగస్టు నెలలో కారును చూడటానికి ఒక బడిపంతులమ్మ వచ్చింది. నగలన్నీ దుప్పటి మీద పరిచి ఉన్నాయి. బోసి కారు ఎండలో నిలబడి ఉన్నది. పెద్దాయన ఆమెను నేరుగా ఎడమ మడ్‌గార్డు దగ్గరకు తీసుకుపోయి, మెరిసే పట్టీని ఆమె చేతికిచ్చి, "ఇది దీన్ని కప్పుతుంది," అని చిల్లు చూపించారు. ఆమె వంగి చాలాసేపు చూసింది. తరవాత కింద పడుకుని చక్రం లోపలి భాగమంతా దీపం వేసి చూసింది. ఇంకెక్కడెక్కడ తుప్పు ఉన్నదని అడిగితే, ఆయన తనకు తెలిసినవన్నీ చెప్పారు. తలుపు అడుగున ఒక చోటు మాకే తెలియదు, అదీ చెప్పారు.

ఆమె పొంగిపోయి అడిగిన ధరంతా ఇచ్చిందని రాస్తే కథ బాగుండేది. అట్లా జరగలేదు. నాలుగువందల పౌన్లు తగ్గించమన్నది. పెద్దాయన తగ్గించారు. అల్లుడు ఆ వారమంతా మాతో ముభావంగా ఉన్నాడు. ఒక మేలు ఏమిటంటే, ఈ కారుకు ముందు మడ్‌గార్డు బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని విప్పి, కుళ్ళిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగు చేయించి, పైన తుత్తునాగం కలిసిన రంగూ దాని మీద అసలు రంగూ వేయించి, ఆమె కారును మళ్ళీ మా దగ్గరకే తీసుకొచ్చింది, నగలు తొడగటానికి.

ఈసారి ప్రతి రంధ్రం అంచుకూ మైనం పూశాము. కొత్త క్లిప్పులు పెట్టాము. ఇడ్లీ రేకులోని నట్లు ఒక్కొక్క గుంటనుంచీ వాటి వాటి చోటికి పోయినాయి. పట్టీని ఒక కొస పెట్టి అరచేత్తో నొక్కుకుంటూ పోతే క్లిప్పు క్లిప్పుకూ టక్కుమని చప్పుడవుతుంది. పెద్దాయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఆ చప్పుళ్ళు లెక్కపెట్టారు. ఒకచోట, "అది పట్టలేదు, మళ్ళీ నొక్కు," అన్నారు. మా వాడు నొక్కితే టక్కుమన్నది.

ఆ పంతులమ్మ ఇప్పటికీ మార్చి నెలలో, రోడ్ల మీద ఉప్పు చల్లటం ఆగిపోయాక, ఎడమ పట్టీ తీసి వెనక కడిగి, ఆరబెట్టి, మైనం పూసి పెడుతుంది. ఆ చోటును ఫొటో తీసి మా అబ్బాయికి పంపుతుంది. పోయిన మార్చిలో వచ్చిన ఫొటోలో మూడు రంధ్రాలూ శుభ్రంగా ఉన్నాయి.